హుగ్లీ కింద నడవని రైలు

2024 మార్చి 6న కలకత్తాలో హుగ్లీ నది అడుగున మెట్రో రైలుకు ప్రారంభోత్సవం జరిగింది. ఆ నెల 15 నుంచి జనం ఎక్కడం మొదలుపెట్టారు. హౌరా మైదాన్‌లో ఎక్కితే ఎస్ప్లనేడ్‌లో దిగవచ్చు. మధ్యలో నది కింద వుండేది అర కిలోమీటరు పైచిలుకు సొరంగం, ముప్పావు నిమిషం ప్రయాణం. వందేళ్ళ కల ఫలించిందని ఆనాడు చాలామంది సంతోషించారు. సంతోషించవలసిన విషయమే. కాని “వందేళ్ళ కల” అన్న మాట దగ్గర చరిత్ర చదువుకునేవాడు కాస్త ఆగాలి. వందేళ్ళ కిందట ఆ కల కన్నది ఎవరు? ఎవరి కోసం కన్నారు? అది కలగానే మిగిలిపోవడానికి కారకులెవరు?

ఈ ప్రశ్నలకు మన మధ్య రెండు రకాల సమాధానాలు తిరుగుతూ వుంటాయి. ఒకటి పాత దొరల మీద అభిమానం చావనివారిది. ఆంగ్లేయుడు 1921లోనే నది కింద రైలు నడపాలని లెక్క వేశాడు, మనవాళ్ళకు అది చేతకావడానికి వందేళ్ళు పట్టింది అంటారు వారు. రెండవది మనవాళ్ళదే. సామ్రాజ్యవాదం బెంగాల్ ప్రజలకు రావలసిన రైలును ఎగ్గొట్టింది అంటారు. మొదటిదాన్ని కొట్టిపారెయ్యడానికి ఎక్కువ శ్రమ అక్కర్లేదు. రెండవదే ప్రమాదకరమైనది. అది సగం నిజం కనుకనూ, మనకు నచ్చే సగం కనుకనూ దాన్ని మనం పరీక్షించకుండా ఒప్పుకుంటాం. ఆ రైలు నిజంగా ప్రజల రైలేనా అన్న ప్రశ్న అందులో మాయమైపోతుంది.

కథ మొదలైంది కలకత్తాలో కాదు, సిమ్లాలో. 1919 సెప్టెంబరులో ఇంపీరియల్ శాసనమండలి సమావేశాలు అక్కడ జరుగుతున్నాయి. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగులో కాల్పులు జరిగి అప్పటికి అయిదు నెలలు. పంజాబులో సైనిక శాసనం కింద అధికారులు చేసిన పనులకు వారి మీద చర్య లేకుండా కాపాడే ఇండెమ్నిటీ బిల్లు వచ్చింది ఆ సమావేశాల్లోనే. పండిత మదనమోహన మాలవీయ దాన్ని ఎదిరించి సుదీర్ఘంగా ఉపన్యసించాడు. అదే సమావేశాల్లో డబ్ల్యు. ఇ. క్రమ్ అనే సభ్యుడు కలకత్తా నగర రవాణా సంగతి ఎత్తాడు. నగరానికి భూగర్భ రైలు కావాలి, అందుకు ఒక కమిటీ వెయ్యాలి అన్నాడు. కమిటీ పడింది. సిఫారసు వచ్చింది. ఒకే గదిలో, ఒకే నెలలో ఈ రెండు విషయాలూ చర్చకు వచ్చాయి. వీటి మధ్య సంబంధం అంటగట్టాలని నా ఉద్దేశం కాదు. ఆ మండలి ఎవరి మండలో, అక్కడ ఎవరి అవసరాలు ఎంత తేలికగా వినపడేవో తెలియడానికి ఈ మాట చెప్పాను.

ఆ తర్వాత రంగం మీదికి వచ్చినవాడు హార్లీ డాల్రింపుల్-హే. ఇతను సామాన్యుడు కాడు. లండన్ భూగర్భ రైళ్ళ నిర్మాణంలో ఆరితేరిన ఇంజనీరు. 1898లో తెరిచిన వాటర్‌లూ అండ్ సిటీ లైను దగ్గర నుంచి థేమ్సు కింద సొరంగాలు తవ్విన అనుభవం వుంది. మట్టి గట్టిగా లేనిచోట, నీరూ కంకరా కలిసి కూలిపోయేచోట, ముందు భాగం టోపీలాగా పొడుచుకు వచ్చిన ఇనుప కవచాన్ని ముందుకు నెడుతూ, దాని చాటున మనుషులు తవ్వుకుంటూ పోయే పద్ధతి ఒకటి ఇతని పేరనే ప్రసిద్ధమైంది. సొరంగాన్ని వెనక నుంచి ఇనుప వలయాలతో బిగించుకుంటూ వస్తారు. అందుకే దాన్ని ట్యూబు, అంటే గొట్టం, అన్నారు. హుగ్లీ ఒడ్డున వున్నది గంగ తెచ్చి పోసిన ఒండ్రు, మెత్తని బంకమన్ను. అటువంటి నేలకు ఇటువంటి మనిషినే పిలవాలి. పిలిచినవారికి పని తెలుసు.

అతని నివేదిక 1921లో “కలకత్తా ట్యూబు రైల్వేలు” అన్న పేరుతో వెలువడింది. తూర్పున బాగ్‌మారీలో బయలుదేరి, నగరం అడుగుగా, నది అడుగుగా పోయి, హౌరా వైపున సాల్కియాలో బెనారస్ రోడ్డు దగ్గర తేలే లైను అది. పొడుగు పది కిలోమీటర్ల పైమాట. ఖర్చు 35,26,154 పౌన్లు. చివరి పౌను వరకూ లెక్క వేశాడు! 1925–26 నాటికి పూర్తి కావాలి. ఈ కొస నుంచి ఆ కొసకు టిక్కెట్టు 3 అణాలు. తూర్పు కొసన ఈస్టరన్ బెంగాల్ రైల్వే, పడమటి కొసన ఈస్టిండియన్ రైల్వే. నది రెండు ఒడ్డులా విడిపోయి వున్న ఈ రెండు రైల్వేలనూ ప్రయాణికుల కోసం నగరం కింద నుంచి కలపడం అసలు ఉద్దేశం. ఉత్తర దక్షిణాలుగా ఇంకో లైను ముచ్చట కూడా క్రమ్ ఎత్తకపోలేదు.

ఈ రెండు రైల్వేలనూ కలపడం అన్న విషయం మన పాఠకులకు దూరదేశపు సంగతిలా కనిపించవచ్చు. కాని ఇందులో తెలుగువాళ్ళ కాళ్ళ నొప్పులు కూడా వున్నాయి. మద్రాసు నుంచి కోరమండల్ తీరం వెంట కలకత్తాకు రైలు దారి 1900 ప్రాంతానికి సిద్ధమైంది. ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే ఈనాటి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి, పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవాళ్ళు వేలాదిగా హుగ్లీ ఒడ్డున జూటు మిల్లుల్లో చేరారు. టిటాగఢ్, భాట్‌పారా వంటి చోట్ల తెలుగు పేటలే ఏర్పడ్డాయి. బెంగాల్ నాగపూర్ రైలు వాళ్ళను దింపేది హౌరాలో, అంటే నదికి పడమటి ఒడ్డున. టిటాగఢ్ వెళ్ళే రైలు ఎక్కవలసింది సియాల్దాలో, అంటే తూర్పు ఒడ్డున, నగరానికి ఆ చివర. మూట నెత్తిన పెట్టుకుని, భాష రాని వూళ్ళో, వంతెన దాటి, హారిసన్ రోడ్డు పొడుగునా నడవాలి. లేదా ట్రాములో రెండవ తరగతి ఎక్కాలి.

ఆనాడు వంతెన అంటే ఇప్పుడు సినిమాల్లో చూసే ఉక్కు వంతెన కాదు. 1874లో బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ కట్టిన తేలుడు వంతెన. పెద్ద పెద్ద పడవల వంటి దిమ్మల మీద పరిచిన దారి. ఓడలు పోవలసినప్పుడు మధ్య భాగాన్ని విప్పి పక్కకు లాగేవారు. అప్పుడు ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే. మిగతా సమయంలో వంతెన నిండా ఎడ్ల బండ్లు, కూలీలు, బాడుగ బండ్లు, మనుషులు. 1921 లెక్కల ప్రకారం హౌరా, పొలిమేరలు కలుపుకుని కలకత్తా జనాభా సుమారు 13 లక్షలు. అంత నగరానికి నది మీద దారి అదొక్కటే. కనుక సమస్య నిజమైనదే. క్రమ్ దాన్ని కల్పించలేదు.

మరి ట్యూబు రైలు వచ్చి వుంటే టిటాగఢ్ వెళ్ళే తెలుగు కూలీ దాన్ని ఎక్కేవాడా? లెక్క వేద్దాం. ఏడాదికి ఒకసారి వూరి నుంచి వచ్చినప్పుడు మూట బరువుకు భయపడి 3 అణాలు పెట్టి ఎక్కేవాడేమో. రోజూ పనికి వెళ్ళి రావాలంటే? పూర్తి ప్రయాణానికి రానూ పోనూ 6 అణాలు. నెలకు 26 పని దినాలకు 156 అణాలు, అంటే 9 రూపాయల 12 అణాలు. సగం దూరమే వెళ్ళేవాడికి అందులో సగం వేసుకున్నా అయిదు రూపాయల దగ్గరకు వస్తుంది. జూటు మిల్లులో సామాన్యపు కూలీ నెల సంపాదన తెలిసినవాళ్ళెవరికీ ఇది ఎవరి రైలో వివరించి చెప్పనక్కర్లేదు. అది ఆఫీసు గుమాస్తాల, వర్తకుల, వకీళ్ళ రైలు. మధ్యతరగతి అక్కరను చులకన చెయ్యడం నా ఉద్దేశం కాదు. గుమాస్తా కూడా జీతగాడే. కాని “బెంగాల్ ప్రజల రైలు” అన్న మాటను ఈ లెక్క ముందు పెట్టి చూడాలి.

ఇక్కడ లండన్‌తో పోల్చడం అవసరం. డాల్రింపుల్-హే అక్కడి నమూనానే ఇక్కడికి తెచ్చాడు కదా. లండన్‌లో కార్మికుడు రైలెక్కి పనికి వెళ్ళగలిగాడంటే అది కంపెనీల దయ వల్ల కాదు. 1883 నాటి చౌకరైళ్ళ చట్టం తెల్లవారుజామున కార్మికులకు తక్కువ చార్జీతో బళ్ళు నడపాలని రైల్వేలను నిర్బంధించింది. దాని వెనక వోటు హక్కు పెరుగుతున్న కార్మికవర్గపు వొత్తిడి వుంది, ఇరుకు వాడల్లో నుంచి జనాన్ని పొలిమేరలకు తరలించాలన్న పాలకుల తాపత్రయమూ వుంది. అక్కడి పెట్టుబడిదారుకు కార్మికుడు దూరం నుంచి వచ్చినా సరే వేళకు మిల్లు గేటు దగ్గర వుండాలి. కలకత్తా జూటు మిల్లు యజమానికి ఆ బెడద లేదు. అతను కూలీ లైన్లు మిల్లు గోడ పక్కనే కట్టాడు. లేదా సర్దారు కట్టుకున్న బస్తీలో మనిషిని పడుకోబెట్టాడు. కార్మికుడి రాకపోకల ఖర్చును జీతంలో లెక్క కట్టవలసిన అవసరమే అతనికి కలగలేదు. శ్రమ చౌకగా, మిల్లు పక్కనే, కట్టుకట్టి దొరుకుతున్నప్పుడు రైలు దేనికి? కలకత్తాలో భూగర్భ రైలు లేకపోవడానికి అన్నిటికన్నా లోతైన కారణం ఇదని నేను అనుకుంటాను. ఇది ఏ కమిటీ నివేదికలోనూ వుండదు.

నివేదికల్లో వుండే కారణం వేరు. 1923 నాటికి పథకం మూలపడింది. డబ్బు లేదన్నారు.

డబ్బు లేదు అన్న మాటను చరిత్రకారుడు ఎన్నడూ యథాతథంగా తీసుకోకూడదు. ప్రభుత్వాల దగ్గర డబ్బు ఎప్పుడూ దేనికో ఒకదానికి వుంటుంది, దేనికో ఒకదానికి వుండదు. ఇటువంటి పనికి డబ్బు మూడు చోట్ల నుంచి రావచ్చు. ప్రైవేటు పెట్టుబడి, రాష్ట్రం లేక నగరపాలక సంస్థ, కేంద్రం. ప్రైవేటు పెట్టుబడి సంగతి తేలిక. లండన్ ట్యూబులు కట్టడానికి అమెరికన్ ధనికుడు యెర్క్స్ 1902లో కంపెనీ పెట్టి పెట్టుబడులు పోగుచేశాడు. 1908 నాటికి ఆ కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. ప్రపంచంలో కెల్లా సంపన్న నగరంలోనే ట్యూబు లాభసాటి కాలేదని తెలిశాక, లండన్ మదుపుదారు హుగ్లీ బురదలో పౌన్లు పోస్తాడా? లండన్‌లో రిజిస్టరైన కలకత్తా ట్రాంవేస్ కంపెనీకి 1902 నుంచి విద్యుత్ ట్రాములున్నాయి, వాటి మీద ఆదాయం వుంది. నేల మీద పట్టాలు వేసినదానికి రాబడి వస్తుంటే నేల కిందికి పోవలసిన తొందర పెట్టుబడికి లేదు.

రాష్ట్రం సంగతి మరీ విచిత్రం. 1921లో ద్వంద్వ పాలన వచ్చింది. స్థానిక పరిపాలన భారతీయ మంత్రుల చేతికి అప్పగించారు. బెంగాల్‌లో ఆ శాఖ సురేంద్రనాథ్ బెనర్జీకి దక్కింది. శాఖ ఇచ్చారు, ఖజానా ఇవ్వలేదు. ఆదాయపు పన్ను కేంద్రానికి పోయింది. కస్టమ్సు కేంద్రానికి పోయింది. బెంగాల్ రైతు పండించి, బెంగాల్ మిల్లులో నేసిన జూటు మీద 1916లో వేసిన ఎగుమతి సుంకం కూడా కేంద్రానికే పోయింది. నగరం సంపద సృష్టించింది గాని దాన్ని తన కోసం ఖర్చు పెట్టుకునే అధికారం దానికి లేకపోయింది. సొరంగం మాట అటుంచి, ఆ మంత్రులు మురుగు కాలవలకే వెతుక్కోవలసిన స్థితి.

ఇక కేంద్రం. ఇక్కడ రూపాయి మారకపు రేటు కథ చెప్పుకోవాలి. ఎందుకంటే డాల్రింపుల్-హే లెక్క పౌన్లలో వుంది. 1920లో బాబింగ్టన్ స్మిత్ కమిటీ సలహా మీద ప్రభుత్వం రూపాయిని 2 షిల్లింగులకు కట్టింది. ఆ రేటున సొరంగం ఖర్చు మూడున్నర కోట్ల రూపాయలు. ఆ రేటును నిలబెట్టలేక ఆ ఏడాదిలోనే ప్రభుత్వం చేతులెత్తేసింది. 1921లో రూపాయి 1 షిల్లింగు 4 పెన్సు కన్నా దిగజారింది. 1 షిల్లింగు 4 పెన్సు లెక్కనే చూసినా అదే సొరంగం 5 కోట్ల 29 లక్షలు. ఒక గజం నేల అదనంగా తవ్వకుండానే, ఒక ఇనుప వలయం పెంచకుండానే, ఖర్చు కోటీ డెబ్బయ్యారు లక్షలు పెరిగిపోయింది! ఇనుపసామానూ, కవచాలూ, యంత్రాలూ, ఇంజనీర్ల జీతాలూ ఇంగ్లండు నుంచి రావలసిన దేశంలో ఏ నిర్మాణమైనా ఇంతే. వలస ఆర్థికవ్యవస్థ అన్న మాటకు అర్థం పాఠ్యపుస్తకంలో వెతకనక్కర్లేదు, ఈ ఒక్క లెక్క చాలు.

అయినా 5 కోట్లు కేంద్రానికి అసాధ్యమైన మొత్తమా? ఆ రోజుల్లోనే రైల్వేల పునరుద్ధరణకు అయిదేళ్ళలో 150 కోట్లు ఖర్చు పెట్టాలని శాసనసభ సిఫారసు చేసింది. రాజధానిని కలకత్తా నుంచి తరలించుకుపోయి కట్టుకుంటున్న కొత్త ఢిల్లీకి డబ్బు వస్తూనే వుంది. కేంద్రపు ఖర్చులో సగం దాకా సైన్యానికి పోతున్నది. యుద్ధం తర్వాత లోటు మీద లోటు పడ్డ మాట నిజం. ఆ లోటును పూడ్చడానికి రెండు దారులు తొక్కారు. ఒకటి, ఇంచ్‌కేప్ ప్రభువు అధ్యక్షతన పొదుపు కమిటీ. రెండవది, 1923లో వుప్పు పన్నును మణుగుకు 1 రూపాయి 4 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచడం. శాసనసభ ఒప్పుకోకపోతే వైస్రాయి రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో ధ్రువీకరించాడు. ట్యూబు రైలు మూలపడిన ఏడాదీ వుప్పు పన్ను రెట్టింపైన ఏడాదీ ఒకటే. ఆ స్థితిలో ట్యూబు కట్టి వుంటే దాని ఖర్చు చివరికి ఎవరి గంజిలో తేలేదో ఊహించుకోవచ్చు. కట్టనందుకు కూలీ ఏడవవలసిన పని లేదని ఇంతకు ముందు సూచించింది ఇందుకే.

అయితే కట్టనందుకు సంతోషించవలసిన పని కూడా లేదు. ఎందుకంటే ఆ డబ్బేమీ కూలీకి మిగల్లేదు. పైగా నది కింద సొరంగం అసాధ్యం కాదని కొద్ది ఏళ్ళలోనే రుజువైంది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఆలోచనలో పడేసిన ఘట్టం ఇదే. హుగ్లీ కింద సొరంగం తవ్వారు! 1931లో పూర్తి చేశారు. దానికీ ఇంజనీరు డాల్రింపుల్-హేనే. ఆసియాలో నది కింద తవ్విన మొదటి సొరంగంగా దాన్ని చెప్పుకుంటారు. మనిషి నిలబడితే తల తగిలేటంత గొట్టం. అందులో నడిచినవి రైళ్ళు కావు, కరెంటు తీగలు. కట్టించింది కలకత్తా ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్, అదీ లండన్ కంపెనీయే. ఒడ్డు నుంచి ఒడ్డుకు విద్యుత్తు పోవాలి, మిల్లులు తిరగాలి. అదే నది, అదే మెత్తని మన్ను, అదే ఇంజనీరు. అదే ఏడాది నగరానికి ఉత్తరాన బాలీ దగ్గర రైల్వే వంతెన కూడా పూర్తయింది. బొగ్గు వాగన్లు రేవుకు చేరడానికి దారి దొరికింది. విద్యుత్తు నది దాటింది, బొగ్గు నది దాటింది. మనుషులు మాత్రం తేలుడు వంతెన విప్పినప్పుడల్లా ఆగుతూనే వున్నారు.

రైలు సొరంగానికీ తీగల సొరంగానికీ పరిమాణంలో, ఖర్చులో చాలా తేడా వుందని ఎవరైనా అనవచ్చు. నిజమే. నేను రెంటినీ సమానం చెయ్యడం లేదు. విజ్ఞానం చేతిలో వున్నప్పుడు అది ముందుగా ఎవరి పిలుపుకు పలికిందో గమనించమంటున్నాను. అంతే.

నది దాటడానికి మనుషులకు కొత్త దారి వచ్చేసరికి 1943 అయింది. ఆర్. ఎన్. ముఖర్జీ అధ్యక్షతన వంతెన కోసం ఇంజనీర్ల కమిటీ కూర్చున్నది కూడా 1921లోనే. చట్టం 1926లో చేశారు. వంతెన తెరిచింది 1943 ఫిబ్రవరి 3న. జపాను బాంబులకు భయపడి ఆర్భాటం లేకుండా తెరిచారు. ఆ ఏడాదే కరువు వచ్చింది. గంజి కోసం కలకత్తాకు నడిచి వచ్చిన పల్లెల జనం ఈ వంతెన ఎక్కారు.

స్వాతంత్ర్యం తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. 1923 ఎన్నికల్లో సురేంద్రనాథ్ బెనర్జీని ఓడించిన యువ డాక్టరు బిధాన్ చంద్ర రాయ్ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాధినేతగా 1949లో భూగర్భ రైలు మాట మళ్ళీ ఎత్తాడు. ఫ్రెంచి నిపుణులు వచ్చి చూసి వెళ్ళారు. మళ్ళీ డబ్బు లేదు. కాని ఆ ప్రభుత్వపు కాలంలోనే నగర రవాణా చరిత్రలో అసలైన ఘట్టం ఒకటి జరిగింది. అది భూమి కింద కాదు, నడివీధిలో. 1953 జులైలో ట్రాం కంపెనీ రెండవ తరగతి టిక్కెట్టు మీద ఒక్క పైసా పెంచింది. కంపెనీ అప్పటికీ బ్రిటిష్‌వారిదే. ఒక్క పైసాకు నగరమంతా లేచింది. జనం పాత చార్జీయే ఇస్తామన్నారు, ట్రాములను బహిష్కరించారు, హర్తాళ్ళు చేశారు. జ్యోతి బసు వంటి వామపక్ష నాయకులు ప్రతిఘటన కమిటీలో నిలబడ్డారు. లాఠీలూ తుపాకులూ జైళ్ళూ ప్రభుత్వం వైపు పనిచేశాయి. చివరికి పైసా వెనక్కి పోయింది.

ఒక్క పైసాకు ఇంత గొడవా అని ఆనాడు వెక్కిరించినవాళ్ళున్నారు. 3 అణాల ట్యూబు ఎవరికని వేసిన ప్రశ్నకు జవాబు ఆ పైసాలో వుంది. అణాకు నాలుగు పైసలు. పైసా పెరిగితే నెలకు ఎంతవుతుందో లెక్క వేసుకునే మనుషులు నగరంలో ఎందరున్నారో ఆ నెల తెలిసింది. 1921 నివేదికలో దూరాలున్నాయి, లోతులున్నాయి, పౌన్లున్నాయి. వీళ్ళు లేరు.

తర్వాత సోవియట్, తూర్పు జర్మనీ నిపుణుల తోడ్పాటుతో 1971లో 97.5 కిలోమీటర్ల ప్రణాళిక వేశారు. అందులో తూర్పు పడమరల లైను కూడా వుంది. కాని ముందుగా పట్టుకున్నది డం డం నుంచి టాలీగంజి దాకా ఉత్తర దక్షిణాల లైను. 1972 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. రోడ్డును పైనుంచి చీల్చి తవ్వే పద్ధతి కావడంతో నగరం నడుమ ఏళ్ళ తరబడి కందకాలు నోళ్ళు తెరుచుకుని వున్నాయి. 1984 అక్టోబరు 24న 3.4 కిలోమీటర్ల ముక్క మీద దేశంలో మొదటి మెట్రో నడిచింది. లైనంతా పూర్తికావడం 1995లో. నది కింది లైను మాత్రం మళ్ళీ కాగితాల్లోకే పోయింది. ఈసారి వైస్రాయి లేడు, పౌను మారకం లేదు. వలసపాలన మీద నేరం మోపే హక్కు మనకు ఎక్కడిదాకా వుందో, ఎక్కడ ఆగిపోతుందో ఇది చూపిస్తుంది. 2009లో శంకుస్థాపన జరిగి, 2017లో నది కింద రెండు సొరంగాలు తవ్వడం పూర్తయింది.

నది తేలికగా లొంగింది. లొంగనిది ఎస్ప్లనేడ్‌కూ సియాల్దాకూ మధ్య వున్న నగరం. 2019 ఆగస్టు 31న బౌబజారు కింద తవ్వే యంత్రం నీటిపొరను చీల్చింది. పైన వున్న పాత ఇళ్ళు బీటలు వారి కొన్ని కూలిపోయాయి. వందలాదిమంది కట్టుబట్టలతో బయటికి వచ్చారు. 2022లో మళ్ళీ అక్కడే బీటలు. డాల్రింపుల్-హే కవచంతో 1925 నాటికి ఈ నేల కింద పని ముగిసి వుండేదని తేలికగా చెప్పేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆనాడు కూలే ఇళ్ళలో ఎవరుండేవారో, వారికి నష్టపరిహారం ఏ చట్టం ఇచ్చేదో కూడా ఆలోచించాలి.

ఆ చివరి ముక్క 2025 ఆగస్టు 22న తెరుచుకుంది. హౌరా, సియాల్దా స్టేషన్లు నగరం కింద నుంచి కలిశాయి. మూట నెత్తిన పెట్టుకుని హారిసన్ రోడ్డు వెంట నడిచిన శ్రీకాకుళం మనిషికి కావలసి వచ్చిన దారి సరిగ్గా అదే. ఇంతలో జూటు మిల్లుల్లో ఎన్నో మూతపడ్డాయి. ఆ దారిన వలస తగ్గిపోయింది.

మన విద్యార్థుల్లో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారు చాలామంది వున్నారు. టిటాగఢ్‌లోనో, భాట్‌పారాలోనో, హౌరాలోనో మిల్లుల్లో పనిచేసి వూరికి తిరిగివచ్చిన పెద్దలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో వుంటారు. సెలవులకు వెళ్ళినప్పుడు వారి దగ్గర కూర్చోండి. హౌరాలో దిగాక సియాల్దాకు ఎలా వెళ్ళేవారో, ట్రాము టిక్కెట్టు ఎంత ఇచ్చేవారో, నడిచినప్పుడు ఎంతసేపు పట్టేదో అడిగి రాసుకోండి. వారి తాతలూ తండ్రులూ చెప్పిన మాటలుంటే అవీ రాసుకోండి. ఇంజనీరు రాసిన పుస్తకం లైబ్రరీల్లో పదిలంగా వుంది. ఇది మాత్రం వాళ్ళతోనే పోతుంది.